మోంజుయిక్: క్వారీలోంచి పుట్టిన కళల కొండ

బార్సిలోనా రేవును ఆనుకుని నిలిచిన మోంజుయిక్ ఎత్తు 200 మీటర్ల లోపే. నగరం కట్టుకోవడానికి రాయి ఇచ్చిందీ, ఆ నగరం మీదే గుండ్లు కురిపించిందీ ఈ కొండే.

ఇక్కడి ఇసుకరాయిని శతాబ్దాల పాటు తవ్వారు. 14వ శతాబ్దంలో సాంటా మరియా డెల్ మార్ చర్చి కడుతున్నప్పుడు రేవు హమాలీలు ఆ రాళ్లను వీపు మీద మోసుకొచ్చారు. బరువుకు నడుం వంగిన హమాలీల చిన్న కంచు బొమ్మలు నేటికీ ఆ చర్చి తలుపుల మీద కనిపిస్తాయి.

కొండ నెత్తిన ఉన్న కోటది వేరే కథ. 1842 డిసెంబరు 3న తిరుగుబాటును అణచడానికి దాని ఫిరంగులు నగరం వైపే తిరిగాయి. 1940 అక్టోబరు 15న కటలోనియా అధ్యక్షుడు కొంపాన్స్‌ను నియంత ఫ్రాంకో ప్రభుత్వం ఈ కోటలోనే కాల్చి చంపింది. బార్సిలోనా వాసులు ఈ కొండను చూసి భయపడ్డారంటే కారణం ఉంది.

ఆ కొండ మీదికి జనాన్ని రప్పించింది 1929 నాటి అంతర్జాతీయ ప్రదర్శన. అందుకోసం ఫ్రెంచి తోటల రూపశిల్పి ఫొరెస్టియే, ఆయన శిష్యుడు రుబియో వాలును మెట్లు మెట్లుగా మలిచి, నీటి ధారలు పారించి, లరిబాల్ తోటలు వేశారు. పాడుబడ్డ ఒక క్వారీని పూడ్చేయకుండా గ్రీకు పద్ధతిలో ఆరుబయలు రంగస్థలంగా మార్చారు.

ప్రదర్శన కోసం కట్టిన నేషనల్ ప్యాలెస్ 1934లో మ్యూజియమైంది. పిరనీస్ పర్వతాల పల్లె చర్చిల్లోని మధ్యయుగపు కుడ్యచిత్రాలు అక్కడున్నాయి. అలాంటి చిత్రాల్లో ఒకదాన్ని అమెరికాకు తరలించేందుకు వ్యాపారులు కొనడంతో, మిగిలినవైనా దక్కించుకోవాలని నగర మ్యూజియం సంఘం 1919లో పూనుకుంది. ఇటలీ నిపుణులు చిత్రం మీద జిగురు పూసిన గుడ్డ అతికించి, ఆరాక రంగుల పొరను గోడ నుంచి ఒలిచి, చుట్టలు చుట్టి కిందికి దించారు. 1975లో చిత్రకారుడు మిరో ఫౌండేషన్ కూడా ఈ కొండకే వచ్చింది. దాని భవనాన్ని మిరో స్నేహితుడు సెర్ట్ రూపొందించాడు.

మోంజుయిక్ వెళ్లేవారు మ్యూజియంతో సరిపెట్టుకోకుండా ఆ గ్రీకు రంగస్థలం దాకా నడవాలి. వేదిక వెనక నిలువునా కోసిన రాతిగోడ ఉంటుంది. 1976లో మొదలైన గ్రెక్ నాటకోత్సవం వేసవిలో అక్కడ జరుగుతోంది.