బౌండరీ స్కాన్ ఇంటర్‌ఫేస్ పరికరాలు

ఎలక్ట్రానిక్ బోర్డు మీద అతికించిన చిప్పుల కాళ్లు సరిగ్గా సోల్డర్ అయ్యాయో లేదో ఆ చిప్పుల లోపలి నుంచే కనిపెట్టే పద్ధతి బౌండరీ స్కాన్. పరీక్ష నడిపే కంప్యూటర్‌కూ బోర్డుకూ నడుమ ఉండే కేబుళ్లు, పాడ్‌లు, కంట్రోలర్ కార్డులే దాని ఇంటర్‌ఫేస్ పరికరాలు. ల్యాబుల్లో వీటన్నిటినీ కలిపి ‘జేట్యాగ్ కేబుల్’ అనేస్తారు. పరీక్ష తెలివంతా సాఫ్ట్‌వేర్‌లోనూ చిప్పుల్లోనూ ఉంటుంది. ఇంజనీర్లను విసిగించేది మాత్రం ఎక్కువగా ఈ నడుమనున్న సరంజామాయే.

1980ల దాకా చిప్పుల కాళ్లు బోర్డు రంధ్రాల్లోంచి దిగి అవతలి వైపు కనిపించేవి. ప్రోబ్ ఆనిస్తే సరిపోయేది. ఫ్యాక్టరీల్లోనైతే వందల స్ప్రింగు సూదులున్న ‘బెడ్ ఆఫ్ నెయిల్స్’ ఫిక్స్చర్ మీద బోర్డును అదిమి పరీక్షించేవారు. సర్ఫేస్ మౌంట్ వచ్చాక కాళ్లు మరీ దగ్గరయ్యాయి. ఆ తర్వాత వచ్చిన బీజీఏ చిప్పుల్లో అవి పొట్ట కిందికే పోయాయి. సూదికి చోటు లేదు.

   

సూదులు అక్కర్లేని పరీక్షకు ఒక ప్రమాణం కోసం పని మొదలైంది. 1985లో ఫిలిప్స్‌తో సహా కొన్ని ఐరోపా కంపెనీలు ఒక బృందంగా ఏర్పడ్డాయి. ఉత్తర అమెరికా కంపెనీలు కూడా చేరాక అది జాయింట్ టెస్ట్ యాక్షన్ గ్రూప్, అంటే జేట్యాగ్ అయింది. వారి ప్రతిపాదన 1990లో ఐఈఈఈ 1149.1గా వెలువడింది. దీని ప్రకారం చిప్పు సిగ్నల్ కాళ్ల దగ్గర చిన్న జ్ఞాపక గడులుంటాయి. గూడ్సు బండి వ్యాగన్లలా అవి ఒకదాని వెనుక ఒకటి జతపడతాయి. టీసీకే గడియారపు తీగ, టీఎంఎస్ స్థితి మార్చే తీగ, టీడీఐ సమాచారం లోపలికి వెళ్లే తీగ, టీడీఓ బయటికి వచ్చే తీగ. ఒక చిప్పు టీడీఓను పక్క చిప్పు టీడీఐకి కలుపుకుంటూ పోతే బోర్డు మొత్తానికీ ఈ నాలుగు తీగలే చాలు. అయిదోది, రీసెట్ కోసం ఉన్న టీఆర్‌ఎస్‌టీ, ఐచ్ఛికం. ఏ చిప్పులో ఏ గడి ఎక్కడుందో వర్ణించే బీఎస్‌డీఎల్ భాష 1994లో ప్రమాణంలో చేరింది.

ఇంత వివరంగా రాసిన ప్రమాణం ఒక్కటి వదిలేసింది: కనెక్టర్ ఆకారం. ఈ పరికరాల చరిత్రలోని గందరగోళమంతా అక్కడే పుట్టింది. ఆర్మ్ 20 పిన్నులు పెట్టింది, ఆల్టెరా 10, టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ 14. జైలింక్స్‌దీ 14 పిన్నులే, కానీ వాటి అమరిక వేరు. దాంతో ప్రతి బల్ల సొరుగులోనూ అడాప్టర్లు పోగుపడ్డాయి. వోల్టేజీ గొడవ సరేసరి: 5 వోల్ట్ల కోసం చేసిన కేబుల్‌ను 1.8 వోల్ట్ల బోర్డుకు తగిలించకూడదు.

తొలినాళ్లలో కంట్రోలర్లు ఫ్యాక్టరీల కోసం చేసిన ఖరీదైన కార్డులు. ఫిలిప్స్ నుంచి 1993లో జేట్యాగ్ టెక్నాలజీస్, టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ నుంచి 1995లో అసెట్ ఇంటర్‌టెక్ వేరుపడి ఈ వ్యాపారంలో నిలదొక్కుకున్నాయి. సామాన్యులకు తలుపు తీసింది మాత్రం ప్రింటర్ పోర్టు. జైలింక్స్ ప్యారలల్ కేబుల్-3లో ఉన్నది ప్రధానంగా రెండు 74హెచ్‌సీ125 బఫర్ చిప్పులు. సర్క్యూట్ బొమ్మను కంపెనీయే ప్రచురించడంతో విద్యార్థులు సొంతంగా కట్టుకున్నారు. తెలుగునాట ఇంజనీరింగ్ కాలేజీల వీఎల్‌ఎస్‌ఐ ల్యాబుల్లో ఎఫ్‌పీజీఏ (డిజైన్‌ను మార్చి మార్చి దించుకోగల చిప్పు) కిట్ల వెంట కనిపించినవి ఈ తరహా కేబుళ్లే. వాటిని అక్కడ వాడింది పరీక్షకు కాదు, చిప్పులోకి డిజైన్ దించడానికి. జేట్యాగ్ అసలు ఉద్దేశాన్ని ఆ కొసరు పనే మింగేసిందనడం అతిశయోక్తి కాదు. అదే జైలింక్స్ హైదరాబాద్‌లో పెద్ద అభివృద్ధి కేంద్రం నడిపింది. 2022 ఫిబ్రవరిలో కంపెనీ ఏఎండీ సొంతమైంది.

కంప్యూటర్ల నుంచి ప్రింటర్ పోర్టు మాయమయ్యాక యూఎస్‌బీ వంతు వచ్చింది. ఎఫ్‌టీడీఐ ఎఫ్‌టీ2232 వంటి చిప్పులు నాలుగు తీగలనూ తామే ఆడించగలవు. 2005లో డొమినిక్ రాత్ జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో డిప్లొమా ప్రాజెక్టుగా మొదలుపెట్టిన ఓపెన్ఓసీడీ ఉచిత సాఫ్ట్‌వేర్‌తో కలిసి అవి కేబుల్ ధరను బాగా దించాయి. అయినా ఖరీదైన కంట్రోలర్లు పోలేదు. టీసీకే తీగ పొడవై అంచు వణికితే చిప్పు ఒక గడియారపు దెబ్బను రెండుగా లెక్కిస్తుంది. అప్పుడు మంచి బోర్డు కూడా చెడినట్టు రిపోర్టు వస్తుంది. సిగ్నల్‌ను శుభ్రంగా చేరవేయడానికి, ఆలస్యాన్ని సరిదిద్దడానికి, ఒకేసారి చాలా బోర్డులు చూడటానికి ఫ్యాక్టరీలు ఆ ధర చెల్లిస్తాయి.

2003 నాటి 1149.6 కెపాసిటర్ల గుండా పోయే వేగపు సిగ్నళ్లను పరీక్ష పరిధిలోకి తెచ్చింది. 2009 నాటి 1149.7 నాలుగు తీగలను రెండుకు కుదించింది. ఫర్మ్‌వేర్ దొంగిలించేందుకూ జేట్యాగే దారి కావడంతో చాలా కంపెనీలు సరుకు బయటికి పంపేముందు చిప్పులోని ఫ్యూజు కాల్చి దాన్ని మూసేస్తున్నాయి. అలాంటి బోర్డు రిపేరుకు తిరిగొస్తే ఎంత ఖరీదైన కంట్రోలర్ తగిలించినా చిప్పు గుర్తింపు సంఖ్య మించి ఏమీ రాకపోవచ్చు.