వైన్స్
తిరుమలగిరిలోనే కాదు, ఉమ్మడి నల్లగొండలో ఎటు పోయినా మద్యం దుకాణాన్ని ‘వైన్స్’ అనే అంటారు. లోపల ఎక్కువగా అమ్ముడుపోయేది బీరు, విస్కీ, బ్రాందీ. అసలు వైన్ అంటే ద్రాక్షరసం పులిసి అయ్యే మద్యం. లాటిన్ ‘వీనుమ్’ ఫ్రెంచిలో ‘వాఁ’, ఇంగ్లిషులో ‘వైన్’ అయింది. ఇంగ్లిషు బహువచనం మన దగ్గర దుకాణం పేరై కూర్చుంది. ‘వినెగర్’ దీని చుట్టమే: ఫ్రెంచిలో ‘పుల్లని వైన్’ అని అర్థం. ఫ్రాన్సులోని బోర్డో ఎర్రవైన్‌లో కాబర్నే సావిన్యోఁ, మెర్లో వంటి ద్రాక్షల వైన్లు కలుపుతారు. మేలురకాన్ని ఓక్ పీపాల్లో, తర్వాత సీసాల్లో ఏళ్లపాటు ఉంచితే తొక్కల నుంచి, గింజల నుంచి దిగిన వగరు మెత్తబడుతుంది. మన కల్లుకు అంత గడువు లేదు: పొద్దున తియ్యగా ఉన్నది పొద్దుమీకేసరికి పులిసిపోతుంది. ‘కల్లు’ ద్రావిడ మాట; తమిళంలో ‘కళ్’, కన్నడంలో ‘కళ్ళు’. ఇంగ్లిషు ‘టాడీ’ మాత్రం హిందీ ‘తాడీ’ నుంచి, అంటే తాటిచెట్టు పేరు నుంచి వెళ్లింది. ఇంత వంశం ఉన్న కల్లును ‘పామ్ వైన్’ అని రాస్తే నాకు కష్టంగా ఉంటుంది. గీత కార్మికుడు మోకు కట్టుకుని చెట్టెక్కి దించేదానికి సొంత పేరుంది. ఆ పేరుతోనే పిలుద్దాం.