ఆటలో అరటిపండు

కిందటి కార్తీకంలో వనభోజనాల పేరు చెప్పుకుని, మా పిన్నిగారి కుటుంబంతో కలిసి టెక్కలి నుంచి భావనపాడు వెళ్ళాం. నౌపడ ఉప్పుమళ్ళు దాటేసరికే గాలి రుచి మారిపోతుంది. సముద్రం కనిపించగానే మగవాళ్ళు నీళ్ళలోకి, పిన్ని పొయ్యి దగ్గరికి, నేను చాపమీదికి. పులిహోర గిన్నెలో ఇసుక పడకుండా కాపలా కాయడం ఆ పూటకి నాకప్పగించిన మహత్కార్యం.

కొంచెం అవతల, ఒడ్డుకి లాగిపెట్టిన పడవల పక్కన ఆ వూరి పిల్లలు అరడజనుమంది క్రికెట్ ఆడుతున్నారు. కొబ్బరిమట్ట బ్యాటు. తిరగేసిన ప్లాస్టిక్ డబ్బా వికెట్టు. అందరూ మగపిల్లలే, ఒక్క ఏడేళ్ళ పిల్ల తప్ప. ఆ పిల్ల వంతు వచ్చింది. మట్ట తనకన్నా పొడుగుంది. ఎలాగో ఎత్తి నిలబడింది. మొదటి బంతికే డబ్బా దొర్లిపోయింది. పిల్ల బుద్ధిగా మట్ట కింద పెట్టి వెళ్ళిపోబోయింది.

"ఉండు, ఉండు! నీకు ఔటు లేదు, నువ్వాడు!" అన్నాడు బంతి వేసిన కుర్రాడు. వాడు దాని అన్న.

నా ప్రాణం వుప్పొంగిపోయింది. "ఎంత మంచివాడివిరా నాయనా! చెల్లెలంటే ఎంత ప్రేమ!" అన్నాను.

వాడు నన్నో వెర్రిదాన్ని చూసినట్టు చూసి, "ప్రేమేటమ్మా! అది అరటిపండు కదేటి. దానికి లెక్క లేదు" అన్నాడు.

అంతే! ఆ పిల్ల ఇసుకలో కూలబడి, కాళ్ళు తన్నుకుంటూ, "నేను ఔటే! నేను ఔటే!" అని ఏడుపు లంకించుకుంది.

ఔటిచ్చారని అలిగేవాళ్ళని మా ఇంట్లోనే చూశాను. ఔటివ్వలేదని ఏడ్చిన మనిషిని అదే చూడడం. అప్పుడు నేనేం చేశానో ఆఖర్న చెప్తాను. ముందు ఆ పిల్ల నన్ను ఎక్కడెక్కడికి తిప్పిందో వినండి.

ఆటలో అరటిపండంటే తెలియని ఆడవాళ్ళు మనలో వుండరు. వాడిని కూడా ఆడించుకోండర్రా అని పెద్దవాళ్ళు బలవంతంగా అంటగట్టిన చంటివాడు అరటిపండు. వాడిని పట్టుకున్నా దొంగ కాడు, గీత దాటినా తప్పు లేదు. చంటివాడయితే రెండేళ్ళకి పెద్దవాడై అసలు ఆటలో కలిసిపోతాడు. ఆడపిల్లకి ఆ రెండేళ్ళూ ఎప్పటికీ గడవవు. మా అన్నయ్యలు ఆడుతున్నప్పుడు నేను మొదట అరటిపండుని. కాస్త కూడికలు వచ్చాక పరుగుల లెక్క రాసే గుమాస్తాని. చతుర్భుజాల నోటుపుస్తకంలో ఎన్ని వందల పరుగులు రాశానో! అందులో నా పేరు మీద ఒక్కటంటే ఒక్కటి లేదు. అప్పట్లో దానికి బాధపడ్డానని చెబితే అబద్ధం. అసలు అక్కడ నా పేరు వుండొచ్చన్న ఆలోచనే నాకు రాలేదు.

బి.ఏ.లో చరిత్ర చదివిన పాపానికి, ఏ సంగతైనా వెనక్కి తవ్వి చూడకపోతే నాకు అన్నం సహించదు. తవ్వితే మొదట దొరికిన అరటిపండు ఎవరనుకున్నారు? సాక్షాత్తూ మన విజయనగరం రాజకుమారుడు! లోకమంతా విజ్జీ అని పిలిచిన విజయ ఆనంద గజపతిరాజుగారు 1936లో ఇంగ్లండు వెళ్ళిన భారత జట్టుకి కెప్టెన్. ఆడిన మూడు టెస్టుల్లో రెండు ఓడిపోయారు, ఒకటి డ్రా అయింది. ఆరు ఇన్నింగ్సులూ కలిపి కెప్టెన్‌గారు కొట్టినవి 33 పరుగులు. ఆ పర్యటనలో బ్రహ్మాండంగా ఆడుతున్న లాలా అమర్‌నాథ్‌ని మాత్రం క్రమశిక్షణ పేరు చెప్పి, మొదటి టెస్టు మొదలవకుండానే ఓడెక్కించి ఇంటికి పంపేశారు. ఆటగాడు ఇంటికీ, అరటిపండు మైదానంలోకీ!

నవ్వుకున్నాను గానీ, ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. తొంభై ఏళ్ళు కావస్తున్నా విజ్జీగారి 33 పరుగులూ, ఏ టెస్టులో ఎన్నో సహా, నాకు దొరికాయి కదా! ఆయన ఆటకి లెక్క వుంది. బాగా ఆడకపోయినా ఆ లెక్క చెరగలేదు. ఔటయ్యాడంటే ఔటయ్యాడని రాశారు. భావనపాడు పిల్ల అడిగింది ఆపాటి మర్యాదే.

ఈ సోదంతా ఒకరోజు ఫోనులో మా ఆడపడుచు కూతురికి చెప్పాను. ఆ పిల్ల వుండేది అమెరికాలో. వాళ్ళబ్బాయి బేస్‌బాల్ ఆడతాడు. "అత్తా, ఇక్కడా ఇదే భాగోతం. ఇక్కడ కోర్టుకి కూడా ఎక్కారు" అంది. ఇంకేం, నాకు మళ్ళీ అన్నం సహించలేదు.

బేస్‌బాల్ అంటే క్రికెట్‌కి దాయాది. గుండ్రటి కర్రతో బంతిని కొట్టి, మూడు మజిలీలు చుట్టి, బయల్దేరిన చోటికే తిరిగొస్తే ఒక పరుగు. ఆ బయల్దేరిన చోటుని వాళ్ళు ఇల్లనే అంటారు. ఇల్లు చేరడానికే ఇంత పరుగెత్తే ఆట ఆడవాళ్ళది కాకుండా ఎలా పోయిందో మరి! పిల్లల కోసం అక్కడ లిటిల్ లీగ్ అని ఒక సంస్థ వుంది. 1939లో పెన్సిల్వేనియా రాష్ట్రం విలియమ్స్‌పోర్ట్ వూళ్ళో పుట్టింది. పన్నెండేళ్ళ వరకూ వున్న పిల్లలకి ఆ వూళ్ళోనే 1947లో పెద్ద పోటీ మొదలుపెట్టారు. పోనుపోను అది దేశదేశాల జట్లు వచ్చే పోటీ అయింది.

దేశదేశాల వాళ్ళొచ్చారు గానీ, ఆడపిల్లలు రాలేదు. 1950లో న్యూయార్క్ రాష్ట్రం కోర్నింగ్‌లో కేథరిన్ జాన్‌స్టన్ అనే పన్నెండేళ్ళ పిల్ల జడలు కత్తిరించుకుని, టోపీ పెట్టుకుని, మగపిల్లాడి వేషంలో వెళ్ళి జట్టులో చేరింది. పేరడిగితే టబ్బీ అని చెప్పింది. తర్వాత తనే నిజం ఒప్పుకుంటే, బాగా ఆడుతున్నావు, వుండిపొమ్మన్నాడు శిక్షకుడు. ఆయన మంచితనం ఆ ఒక్క ఏటికే పనికొచ్చింది. మరుసటేడు ఆడపిల్లలు ఆడరాదని నిబంధన రాసిపెట్టారు. అంతవరకూ రాయాలని కూడా ఎవరికీ తోచలేదు కాబోలు!

1972లో న్యూజెర్సీలోని హోబోకెన్‌లో మరియా పెపే అనే ఇంకో పన్నెండేళ్ళ పిల్ల మూడు ఆటలు ఆడింది. ఆడపిల్లని ఆడిస్తే మీ వూరి జట్లన్నింటి గుర్తింపూ తీసేస్తామని పైవాళ్ళు బెదిరించారు. పిల్లని మాన్పించారు. ఒక మహిళా సంఘం ఆ పిల్ల తరఫున దావా వేసింది. విచారణ జరిపిన సిల్వియా ప్రెస్లర్ అనే ఆవిడ 1973లో ఆడపిల్లల పక్షాన తీర్పిచ్చింది. 1974లో లిటిల్ లీగ్ తలుపులు తెరిచింది. తెరిచేనాటికి మరియాకి పద్నాలుగేళ్ళు! వయసు దాటిపోయింది. తలుపు తట్టిన పిల్ల బయటే వుండిపోయి, వెనకున్న పిల్లలు లోపలికెళ్ళారు. 2004లో అదే విలియమ్స్‌పోర్ట్‌లో ఆమెని సగౌరవంగా పిలిచి తొలి బంతి విసిరించారు. గౌరవం మంచిదే. పన్నెండేళ్ళప్పుడు ఆడాల్సిన ఆటని మాత్రం ఎవరు తిరిగివ్వగలరు?

అలా తెరిచిన తలుపులోంచి నలభై ఏళ్ళకి మోనే డేవిస్ అనే పదమూడేళ్ళ నల్లజాతి పిల్ల నడిచొచ్చింది. సరిగ్గా మనం జెండా ఎగరేసుకునే రోజున, 2014 ఆగస్టు 15న, విలియమ్స్‌పోర్ట్ పోటీలో ఫిలడెల్ఫియా జట్టు తరఫున బంతులు విసిరింది. ఫలితం 4-0. అవతలి జట్టుకి ఒక్క పరుగు కూడా ఇవ్వలేదు. ఎనిమిదిమందిని తన బంతులతోనే ఔట్ చేసింది. ఆ పోటీల్లో అలా గెలిపించిన మొదటి ఆడపిల్ల ఆమే. కప్పు ఆమె జట్టుకి రాలేదు. ఆఖరి ఆటలో షికాగో జట్టు మీద దక్షిణ కొరియా పిల్లలు 8-4తో గెలిచి పట్టుకుపోయారు. అయితేనేం? ఆ పిల్ల గెలుపూ లెక్కలోకొచ్చింది, ఓటమీ వచ్చింది.

మరి మన ఇంటి సంగతి? ఇక్కడ ఎవరూ నిబంధన రాయలేదు. మనవాళ్ళు గడుసువాళ్ళు, రాయకుండానే పని జరిపించగలరు. నిజానికి ఆడవాళ్ళ తొలి ప్రపంచ కప్పు జరిగింది 1973లో, మగవాళ్ళకన్నా రెండేళ్ళు ముందు! మన దేశంలో మహిళా క్రికెట్ సంఘం పుట్టిందీ ఆ ఏడే. కానీ పెద్ద బోర్డు వాళ్ళని తనలో కలుపుకున్నది 2006లో. ముప్ఫైమూడేళ్ళు వాకిట్లో నిలబెట్టిన అరటిపళ్ళన్నమాట.

ఆ వాకిట్లోంచే వచ్చింది హైదరాబాద్‌లో పెరిగిన మిథాలీరాజ్. భరతనాట్యం నేర్చుకుంటున్న పిల్ల బ్యాటు పట్టుకుంది. 1999లో, పదహారేళ్ళ వయసులో, ఐర్లండు మీద తన మొదటి అంతర్జాతీయ ఆటలోనే 114 పరుగులు, అదీ ఔటవకుండా! ఆమె కెప్టెన్సీలో మనవాళ్ళు రెండుసార్లు ప్రపంచ కప్పు ఆఖరి ఆటదాకా వెళ్ళారు. 2005లో ఆస్ట్రేలియాతో 98 పరుగుల తేడాతో ఓడిపోయారు. 2017లో ఇంగ్లండుతో తొమ్మిది పరుగుల తేడాతో. ఆ తొమ్మిది పరుగులకి మా ఇంట్లో ఆ రాత్రి ఎవరం సరిగా భోంచేయలేదు. ఇప్పుడనిపిస్తోంది, ఆడపిల్లల ఓటమికి ఒక ఇల్లు అన్నం మానేసిందంటే అదీ ఒక గెలుపేనని. అరటిపండు ఓడిపోతే ఎవరు బాధపడతారు?

పంతొమ్మిదేళ్ళలోపు కుర్రాళ్ళకి ప్రపంచ పోటీ 1988లోనే మొదలైంది. అదే వయసు ఆడపిల్లలకి పెట్టింది 2023లో. లెక్కలు నాకు బాగా వచ్చు, ముప్ఫైఅయిదేళ్ళు! ఆలస్యమైతే అయింది గానీ, మొదటిసారే మన పిల్లలు కప్పు తెచ్చారు. దక్షిణాఫ్రికాలో జరిగిన ఆఖరి ఆటలో ఇంగ్లండు 68 పరుగులకే ఔటైపోతే, మనవాళ్ళు ఏడు వికెట్ల తేడాతో గెలిచారు. ఆ జట్టులో భద్రాచలం పిల్ల గొంగడి త్రిష వుంది, మన విశాఖపట్నం పిల్ల షబ్నమ్ వుంది.

రెండోసారి 2025లో, మలేషియాలో. స్కాట్లండు మీద త్రిష 59 బంతుల్లో 110 కొట్టింది. ఆ పోటీల చరిత్రలో అదే మొదటి సెంచరీ. ఫిబ్రవరి 2న ఆఖరి ఆట. దక్షిణాఫ్రికా 82కి ఆలౌట్. త్రిష 15 పరుగులిచ్చి మూడు వికెట్లు తీసింది, షబ్నమ్ ఒకటి. తర్వాత త్రిషే నిలబడి 44 కొట్టింది. మనకి తొమ్మిది వికెట్ల గెలుపు. మొత్తం పోటీల్లో ఆమె పరుగులు 309, వికెట్లు ఏడు. కూతురి ఆటకోసం ఆ తండ్రి భద్రాచలం వదిలి సికింద్రాబాద్‌కి కాపురం మార్చాడు. ఆ సంగతి ఫలితాల పట్టికలో వుండదు. ఆ తల్లి సర్దుకున్న సామానూ వుండదు.

అదే ఏడు నవంబరు 2న, నవీ ముంబైలో, పెద్దవాళ్ళు కూడా దక్షిణాఫ్రికాని 52 పరుగుల తేడాతో ఓడించి ప్రపంచ కప్పు తెచ్చారు. ఆ పోటీల్లో 14 వికెట్లు తీసింది మన కడప జిల్లా పిల్ల శ్రీచరణి. ఆ రాత్రి మా ఇంట్లో అర్ధరాత్రి దాటాక సేమ్యా పాయసం చేశాను. 2017 నాటి భోజనం బాకీ తీరిపోయింది.

ఇక భావనపాడు సంగతి. చాపమీంచి లేచి వెళ్ళాను. ఏడుస్తున్న పిల్ల ఎదురుగా నిలబడి, ఎడంచేత్తో కొంగు బొడ్లో దోపుకుని, కుడిచెయ్యి ఎత్తి వేలు ఆకాశంలోకి పెట్టి, "ఔట్!" అన్నాను.

మగపిల్లలు నోళ్ళు తెరిచారు. పిల్ల టక్కున ఏడుపాపింది. అన్న కేసి ఒకసారి గర్వంగా చూసి, లంగా దులుపుకుని, బంతి పట్టుకోవడానికి సముద్రం వైపుకి పరుగెత్తింది.

"అయితే దాన్నీ లెక్కెట్టాలా అమ్మా?" అన్నాడు అన్న.

"పెట్టాలి. సున్నా అని పెట్టు" అన్నాను.

వాడు పుల్లతో ఇసుకలో చెల్లెలి పేరు రాసి, పక్కన గుండ్రంగా సున్నా చుట్టాడు.

నేను తిరిగొచ్చేసరికి పులిహోర గిన్నెమీద మూత ఎగిరిపోయి, నిండా ఇసుక! పిన్ని నన్ను తిట్టని తిట్టు లేదు. అందరం కరకరలాడించుకుంటూనే తిన్నాం.