సీసాలో మొలిచిన ఫెర్న్

వరండాలో క్రోటన్ల పక్కన ఒక ఫెర్న్ కుండీ ఉంటే ఆ ఇంటికి వచ్చే కళే వేరు. పువ్వు పూయదు, కాయ కాయదు. అయినా ఆ లేతపచ్చని ఆకుల్ని చూస్తే కళ్ళు చల్లబడతాయి. కాని దీన్ని తెచ్చుకున్న ఇల్లాళ్ళు తరచు చెప్పే మాట ఒకటుంది. "నర్సరీలో కళకళలాడుతూ ఉందండీ, ఇంటికి తెచ్చిన రెండు నెలలకే ఆకుల కొసలు మాడిపోయాయి" అని. ఎందుకు మాడుతుందో తెలుసుకోవాలంటే, ఈ మొక్క అడవి వదిలి ఇళ్ళలోకి ఎలా వచ్చిందో తెలుసుకోవాలి. ఆ కథని మన నిజాంపట్నం రేవు దగ్గర మొదలుపెడదాం.

ఇవాళ బాపట్ల జిల్లాలో చేపల రేవుగా ఉన్న నిజాంపట్నాన్ని ఒకప్పుడు పరదేశి వర్తకులు పెటపోలి అని పిలిచేవారు. 1606లో డచ్చివారు అక్కడ వర్తక స్థావరం పెట్టుకున్నారు. 1611లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవారి 'గ్లోబ్' అనే ఓడ ఈ తీరానికి వచ్చి, ముందు అక్కడ ఆగి, తరువాత మచిలీపట్నం చేరింది. వారందరికీ కావలసింది మన బట్టలు. చిరివేరు అనే చిన్న మొక్క వేళ్ళనుంచి తీసిన ఎర్రరంగుతో అద్దిన బట్టలకు దేశదేశాలలో గిరాకీ ఉండేది.

బట్ట మూటగట్టి ఓడలో వేస్తే చాలు. ఎండిన వేరూ, గింజా కూడా అలాగే వెళతాయి. ప్రాణమున్న మొక్క అలా వెళ్ళగలదా? ఓడపైన పెడితే ఉప్పునీటి జల్లు, కింద పెడితే చీకటి. తాగే నీళ్ళు మనుషులకే కొలిచి పోసే రోజులాయె, మొక్కకి ఎవరు పోస్తారు? నెలల తరబడి ప్రయాణంలో మొక్కలు చాలావరకు దారిలోనే చచ్చిపోయేవి. 1781 నుంచి సామర్లకోటలో ఉండి మన మొక్కల్ని పరిశీలించిన రాక్స్‌బర్గ్ దొర, ఈ దేశపు చిత్రకారుల చేత వాటి బొమ్మలు వేయించి సీమకు పంపాడు. 1795 - 1820 మధ్య మూడు సంపుటాలుగా అచ్చయిన ఆయన 'కోరమాండల్ తీరపు మొక్కలు' అనే గ్రంథంలో మూడువందల బొమ్మలున్నాయి. మొక్క వెళ్ళలేని చోటికి బొమ్మ వెళ్ళిందన్నమాట.

ఈ చిక్కు విప్పింది ఎవరనుకున్నారు? ఒక ఫెర్న్!

లండన్‌లో నథానియేల్ వార్డ్ అని ఒక డాక్టరుండేవాడు. ఆయనకి ఫెర్నులంటే ప్రాణం. కాని ఊరంతా బొగ్గుపొగ. ఎన్ని నాటినా బతికేవి కావు. 1829లో ఆయన ఒక పురుగు గూటిలోంచి సీతాకోకచిలుక జాతి పురుగు ఎలా వస్తుందో చూద్దామని, దాన్ని తడిమట్టితో సహా వెడల్పు మూతి సీసాలో పెట్టి మూత బిగించాడు. కొన్నాళ్ళకి ఆ మట్టిలోంచి, ఎవరూ నాటకుండానే, ఒక ఫెర్నూ ఒక గడ్డిమొక్కా మొలిచాయి. పగటి వేడికి మట్టిలోని తేమ ఆవిరై గాజుకి పట్టేది; చల్లబడగానే చుక్కలై మళ్ళీ మట్టిలోకి దిగేది. బొట్టు నీరు పోయకుండా ఆ మొక్కలు దాదాపు నాలుగేళ్ళు బతికాయి. చివరికి మూత తుప్పుపట్టి వాననీరు లోపలికి దిగితేగాని చావలేదు.

1833లో వార్డ్ ఇలాంటి గాజుపెట్టెలలో ఫెర్నులు పెట్టి ఆస్ట్రేలియాకు పంపితే, అవి పచ్చగా చేరాయి. ఇక చూసుకోండి! చైనానుంచి తేయాకు మొక్కలు వేల సంఖ్యలో హిమాలయ ప్రాంతానికి వచ్చినా, చలిజ్వరానికి మందైన సింకోనా దక్షిణ అమెరికానుంచి నీలగిరికి వచ్చినా, రబ్బరు మొక్కలు 1876లో సింహళం చేరినా, అన్నీ ఆ పెట్టెల్లోనే. పొద్దున్నే మనం తాగే టీకి ఫెర్న్‌తో ఇంత చుట్టరికం ఉంది.

అయితే ఈ కథలో చేదు కూడా ఉంది. సీమలో ఆడవాళ్ళకి ఫెర్నుల మీద మోజు పుట్టి, బుట్టలు పట్టుకుని అడవులమీద పడ్డారు. ఇల్లు కదలని స్త్రీలకి అదొక స్వేచ్ఛ, చదువు కూడాను. 1855లో చార్లెస్ కింగ్స్‌లీ అనే రచయిత దీనికి 'ఫెర్నుల పిచ్చి' అని పేరే పెట్టాడు. కాని అమ్మకానికని అదేపనిగా పెకలించడంతో ఐర్లండులోని కిలార్నీ ఫెర్న్ వంటి సున్నితమైన జాతులు చాలాచోట్ల కనపడకుండా పోయాయి. అందుకే, అరకు, అనంతగిరి వెళ్ళినప్పుడు రాతి సందున ముచ్చటగా కనిపించింది కదా అని పీకి తెచ్చుకోకండి. అది మన ఎండలకి బతకదు, అక్కడా లేకుండా పోతుంది. కడియం వంటి చోట్ల నర్సరీలలో పెంచినవే కొనుక్కోండి.

ఇక కొసలెందుకు మాడతాయంటారా? వార్డ్ సీసాయే జవాబు చెబుతుంది. ఫెర్న్‌కి కావలసింది గాలిలో తేమ, నీడలో వెలుతురు. విజయవాడ, గుంటూరు వంటి ఊళ్ళలో వడగాలి దీనికి శత్రువు. నిజాంపట్నం, రేపల్లె వైపు గాలిలో తేమకి లోటు లేదు. అక్కడ శత్రువు ఉప్పు. మడ అడవుల్లో ఉప్పుని తట్టుకునే ఫెర్న్ జాతి ఉంది గాని, మన కుండీల్లోవి తట్టుకోలేవు. కుండీ అంచున తెల్లగా పొరకడితే నీళ్ళలో ఉప్పుందని గ్రహించండి. బోరునీళ్ళు మాని, పట్టిన వాననీళ్ళు వాడండి. మంచినీళ్ళకే కటకటగా ఉంటే బియ్యం కడిగిన నీళ్ళు పోయండి. ఆకుమట్టి, ఇసుక, కాస్త కొబ్బరిపొట్టు కలిపి, నీరు నిలవకుండా చూడండి. గులకరాళ్ళూ నీళ్ళూ పోసిన పళ్ళెంలో, నీరు కుండీ అడుగుకి తగలకుండా, రాళ్ళమీద కుండీ నిలపండి. ఫ్యాను గాలీ, ఎండా నేరుగా తగలనివ్వకండి. ఆకు వెనక వరుసగా గోధుమరంగు చుక్కలుంటే పురుగు గుడ్లని గోకెయ్యకండి, ఫెర్న్‌కి విత్తనాల వంటి సిద్ధబీజాలు ఉండేది అందులోనే.

అన్నీ చేసినా బతకకపోతే, ఖాళీ అయిన పెద్ద గాజు ఊరగాయ జాడీని ఉప్పూ నూనె పోయేలా శుభ్రంగా కడిగి, అడుగున గులకరాళ్ళు, పైన కొంచెం బొగ్గుముక్కలు, ఆపైన తడి ఆకుమట్టి వేసి చిన్న ఫెర్న్ నాటండి. మూతపెట్టి, ఎండ పడని కిటికీ దగ్గర ఉంచండి. గాజు మరీ చెమర్చితే ఒక పూట మూత తీయండి. పిల్లలకి కూడా చూపించండి, నీరు ఆవిరై మళ్ళీ వానగా ఎలా కురుస్తుందో ఆ జాడీలోనే కనబడుతుంది.