ప్రాచీనకాలమున వాస్తుక్రయము

స్థావరమునకు విక్రయము లేదను స్మృతివచనమును బట్టి, మన పూర్వులు ఇండ్లను నేలలను వెలకు అమ్మెడి వాడుక యెఱుఁగరని కొందఱు తలంచుచున్నారు. ఆ వచనము నుదాహరించిన విజ్ఞానేశ్వరుఁడే విక్రయము చేయవలసివచ్చినచో ఎట్లు చేయవలయునో వెంటనే చెప్పియున్నాఁడు. తామ్రశాసనములైనచో పరదేశమునుండి వచ్చినవాఁడు కొన్న నేలకు వెల దీనారములలోఁ జెప్పుచున్నవి. కాఁబట్టి విక్రయ మున్నదా లేదా యను చర్చ నిష్ఫలము. కొన్నవానికిఁ జిక్కిన దేమి యనునదియే విచార్యము.

ముందు వాస్తుశబ్దమును గూర్చి యొక మాట. ఉణాదులయందు వసధాతువుపైఁ దున్ప్రత్యయము చెప్పి, గృహార్థమున దానికి ణిత్త్వము చెప్పుటచే వృద్ధి కలిగి వాస్తు వగుచున్నది, లేనిచో వస్తువే. కౌటిల్యుఁడు ఈ శబ్దమును విరివిచేసి యిల్లు, పొలము, తోఁట, సేతువు, చెఱువు మున్నగువాని నన్నిటిని వాస్తు వనెను. ఆయన యర్థశాస్త్రము 1909వ సంవత్సరమున మైసూరునందు శామశాస్త్రిగారిచే ముద్రింపఁబడిన పిదప ఈ విషయమున మనకుఁ గొత్త వెలుఁగు గలిగినది.

తృతీయాధికరణమున వాస్తువిక్రయక్రమము గలదు. అమ్మఁబడు నింటిని గొనుటకు మొదటి యధికారము జ్ఞాతులది, తరువాత సామంతులది, ఆ తరువాత ధనికులది. ఇచట ధనికుఁడనఁగా అప్పిచ్చినవాఁడు. వీరు మువ్వురును వలదన్నపుడే బాహ్యులకు వంతు. ఇంటి నమ్మునపుడు ఆ యింటి యెదుటనే నిలిచి, పొరుగునందలి నలువది కులములవారు వినుచుండఁగాఁ జాటింపవలయును. పొలమైనచో దాని మేరలయొద్ద, పొరుగువారును గ్రామవృద్ధులును వినుచుండఁగాఁ జాటింపవలయును. ఈ వెలకుఁ గొనువాఁ డెవఁడని ముమ్మాఱు పిలిచినను అడ్డుపడువారు లేనిచో, కొనవచ్చినవానికి నది దక్కును. నలువది యను సంఖ్య కులములకా, పొరుగువారికా యని వ్యాఖ్యాతలలో భేదము గలదు. ఏదైనను చాటింపు పలువురు వినవలె ననుట స్పష్టము.

ఇందొక నియమము నాకు మిక్కిలి యబ్బురముగా నున్నది. పోటీచే వెల పెరిఁగినచో, పెరిఁగిన భాగము శుల్కముతోఁగూడ రాజకోశమునకుఁ బోవును, అమ్మువానికి రాదు. దూరమునుండి వచ్చిన ధనవంతుఁడు వెల హెచ్చించి యిరుగుపొరుగువారిని ద్రోసి లోనికి రాఁగోరినను, అమ్మువాఁ డందుల కాసపడుటకుఁ గారణ మేమియు లేదు. ఇంతమాత్రమే కాదు. పన్నులు గట్టువారు పన్నులు గట్టువారికే, బ్రహ్మదేయము ననుభవించువారు అట్టివారికే యమ్మవలయునని తరువాతి యధ్యాయము. బాహ్యులు కొనవచ్చునన్న మాట కిది పెద్ద సంకోచము. ఊరిలో నెవఁడు చేరవచ్చునో నిర్ణయించుటయే ఈ నియమముల హృదయమనియు, వెల యందుఁ గొంచెపు పాలనియు నా తలంపు.

సామంతశబ్దము చదువరులను దఱచుగాఁ బెడత్రోవఁ ద్రొక్కించుచున్నది. మన కావ్యములయందు సామంతుఁడనఁగా చక్రవర్తికిఁ గప్పము గట్టు ఱేఁడు. ఆ యర్థమే మనసులో నుంచుకొని, ఇల్లు కొనుటకు మండలాధిపతి యనుజ్ఞ కావలెనని చెప్పెడివారిని నే నెఱుఁగుదును. సమంత మనఁగా నలుదెసలు, అచటనుండువాఁడు సామంతుఁడు. పొరుగువాఁడే యనుట. రాజుపరమైన యర్థమును, తన రాజ్యపు టెల్లల నున్న పొరుగురాజనుటచేతనే వచ్చినది.

ఆఱవ విక్రమాదిత్యుని (1076–1126) కాలమున కల్యాణమందు మితాక్షరను రచించిన విజ్ఞానేశ్వరుఁడు ఈ సామంతానుమతికిఁ జెప్పిన ప్రయోజనము మిక్కిలి సరళము: హద్దులను గూర్చి ముందు తగవు రాకుండుటకు. నేల చేయి మాఱుటకు గ్రామము, జ్ఞాతులు, సామంతులు, దాయాదులు సమ్మతించుటయు, హిరణ్యోదకదానములును గలిసి యాఱు కావలెనను స్మృతిని ఆయన యెంతో మెలకువతో వ్యాఖ్యానించెను. గ్రామానుమతి వ్యవహారము వెల్లడియగుటకే. అది లేనంతమాత్రమున వ్యవహారము చెడదు. విభక్తులైన జ్ఞాతుల యనుమతి, వీరు విభక్తులా కారా యను సందేహము తరువాతఁ బుట్టకుండుటకు. అవిభక్తులైనచో అందఱును స్వాములే గావున అది తప్పదు. ఇఁక విక్రయమే నిషిద్ధ మైనపుడు బంగారుతో నీరు ధారవోసి, అమ్మకమును దానరూపమునఁ జేయవలయును. పదుమూఁడవ శతాబ్దిలోనే కేతన విజ్ఞానేశ్వరీయమును దెనిఁగించినను, నేఁటి మన పాఠశాలలలో ఈ ప్రకరణమునకుఁ జోటు లేదు.

శాస్త్రమిట్లుండఁగా ఆచార మెట్లుండెనో చూతము. నేఁటి బంగ్లాదేశమునందలి దామోదరపురమున 1915వ సంవత్సరమున ఐదు తామ్రశాసనములు దొరకినవి. రాధాగోవింద బసాకుగారు వానిని బ్రకటించిరి. కోటివర్షవిషయమున జరిగిన భూక్రయములు ఇందు వ్రాయఁబడినవి. గుప్తసంవత్సరము 224 నాఁటి, అనఁగా 543–44 నాఁటి, శాసనమున అయోధ్యనుండి వచ్చిన అమృతదేవుఁడను కులపుత్రుఁడు శ్వేతవరాహస్వామి దేవాలయముకొఱకు నేల గొనఁగోరెను. ఆతఁ డొక గృహస్థునొద్దకు వెలతోఁ బోయి బేరమాడినట్లు లేదు. విషయాధికరణమునకు విన్నపము చేసికొనెను. విషయపతితోఁగూడ నగరశ్రేష్ఠి, సార్థవాహుఁడు, ప్రథమకులికుఁడు, ప్రథమకాయస్థుఁడు అందుఁ గూర్చుందురు. వారు పుస్తపాలుర నడుగుదురు. పుస్తపాలురు తమ పుస్తకములు చూచి, కోరిన నేల యమ్మఁదగినదే యని నిర్ధారించిన పిమ్మట, కుల్యవాపమునకు మూఁడు దీనారముల చొప్పున ఐదు కుల్యవాపములకుఁ బదునైదు దీనారములు పుచ్చుకొందురు. గుప్తసంవత్సరము 124 నాఁటి శాసనమునందును వెల మూఁడు దీనారములే. నిండు నూఱేండ్లలో ధర మాఱలేదు!

బైగ్రామశాసనమున (447–48) పంచనగరియందు వెల రెండే దీనారములు. అచట భోయిలుఁడు, భాస్కరుఁడు అను నన్నదమ్ములు మూఁడు కుల్యవాపముల బీడును, రెండు ద్రోణవాపముల వాస్తుభూమిని గొని, ఆఱు దీనారములును ఎనిమిది రూపకములును ఇచ్చిరి. ఎనిమిది ద్రోణవాపము లొక కుల్యవాపము గావున రెండు ద్రోణవాపములకు సగము దీనారము. అది యెనిమిది రూపకములైనచో దీనారమునకుఁ బదునాఱు రూపకములు. ఇంటినేలకును బీటినేలకును ధర యొక్కటే యగుట గమనింపఁదగినది. ద్రోణవాపాదులు విత్తనపుఁ గొలఁతను బట్టి నేలకు వచ్చిన పేర్లు. ఈ యర్థమునఁ బాణిని తద్ధితమును విధింపఁగా ద్రౌణిక మగును. శాసనము సమాసమును వాడినది. పుట్టెడు నేల, తూమెడు నేల యను మన కాఁపులకుఁ గుల్యవాప మనునది యేమియుఁ గొత్త కాదు.

వెల యిచ్చిన తరువాత నెనిమిది తొమ్మిది నలల కొలఁతచే నేలను గొలిచి, చిరకాలము నిలుచునట్లు ఊక, బొగ్గు మొదలగు గుఱుతులతో నలుదిక్కుల మేర లేర్పఱచిరి. ఊకయు బొగ్గును మట్టిలోఁ జీకవు. ఎల్లలయందు గూఢముగాఁ బాఁతవలసినవానిలో మనువు వీనినే పేర్కొనెను. శాస్త్రమును ఆచారమును ఇంత దగ్గఱగాఁ గలిసికొనుట యరుదు.

ఇఁక కొన్నవానికి వచ్చిన దేమి? ఈ శాసనములు క్రయధాతువునే వాడుచున్నవి. కాని కొన్న నేలను నీవీధర్మముతో, అక్షయనీవితో, అప్రదాధర్మముతో నిచ్చితిమనుచున్నవి. నీవి యనఁగానే మన బాలురకుఁ బోఁకముడి తోఁచును. అమరుఁడు దానికి మూలధన మను నర్థమును గూడఁ జెప్పియున్నాఁడు. మొదలు తఱుగకుండ ఫలము ననుభవించుట యక్షయనీవి. అప్రద యనఁగా మఱల నొరుల కీయరానిది. చంద్రార్కతారకముగా ననుభవింపవచ్చును, అమ్మఁగూడదు. దేవబ్రాహ్మణార్థమై కొన్న నేలలు గావున నీ నిర్బంధ మని చెప్పుదురు. సత్యమే, రాజునకు ధర్మమున నాఱవపాలు వచ్చునని పుస్తపాలురు విన్నవించుటయు నందువలననే. పన్ను రాని బీడునుండి దీనారములు వచ్చుట యది వేఱు లాభము. అయినను అధికరణ మమ్మినది యనుభవమును. మఱల నమ్ము స్వాతంత్ర్యమును దనయొద్దనే యుంచుకొన్నది. శుద్ధవైయాకరణుఁడు ద్రవ్యవినిమయార్థకమైన క్రీధాతువు నిచట నొప్పునా యని శంకించినఁ దప్పు లేదు. వెల పూర్తిగా ముట్టినది, పత్రము తామ్రముపై నెక్కినది, మేరలయందు బొగ్గులు పాఁతినారు. అయినను అమృతదేవుఁడు అయోధ్యకు మరలిపోఁదలఁచినచో, ఆ యైదు కుల్యవాపములను మఱియొకని కమ్మి పదునైదు దీనారములు కొంగున ముడివైచుకొని పోవుటకు వీలు లేదు.