ఎం87 గెలాక్సీ, దాని మహా కృష్ణబిలం

ఎం87 కన్యా రాశి దిశలో, మనకు సుమారు 5.5 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న భారీ దీర్ఘవృత్తాకార గెలాక్సీ. ఫ్రెంచి ఖగోళ పరిశీలకుడు చార్లెస్ మెస్సియే 1781లో తన జాబితాలో 87వదిగా చేర్చడంతో ఈ పేరు వచ్చింది. పాలపుంతకున్నట్టు దీనికి సర్పిల భుజాలు లేవు. కొత్త నక్షత్రాల పుట్టుక దాదాపు ఆగిపోయింది. దీన్ని చుట్టుకొని దాదాపు 12,000 గోళాకార నక్షత్ర గుచ్ఛాలున్నాయి. పాలపుంతకు ఉన్నవి 150 పైచిలుకు మాత్రమే.

1918లో లిక్ అబ్జర్వేటరీకి చెందిన హీబర్ కర్టిస్ ఈ గెలాక్సీ కేంద్రం నుంచి తిన్నగా సాగిన ఒక సన్నని కాంతిరేఖను గమనించాడు. అదేమిటో అప్పట్లో ఎవరికీ అంతుపట్టలేదు. కాంతివేగానికి చేరువ వేగంతో దూసుకుపోయే ప్లాస్మా ధార అది. పొడవు సుమారు 5,000 కాంతి సంవత్సరాలు. హబుల్ టెలిస్కోపు తీసిన చిత్రాల్లో ఆ ధారలోని ముడులు కాంతినే మించిపోతున్నట్టు కనిపిస్తాయి. ధార చాలావరకు మనవైపు మొగ్గి ఉండటం వల్ల కలిగే భ్రమ ఇది.

ధారకు మూలం కేంద్రంలోని కృష్ణబిలం. దాని బరువు తేల్చడం అంత సులువు కాలేదు. నక్షత్రాల కదలికలను బట్టి 2011లో వేసిన లెక్క సూర్యుడికి 660 కోట్ల రెట్లంటే, వాయువు కదలికలను బట్టి 2013లో వేసినది 350 కోట్ల రెట్లంది. ఈవెంట్ హొరైజన్ టెలిస్కోపు బృందం 2017 ఏప్రిల్‌లో ఎనిమిది రేడియో టెలిస్కోపులను కలిపి పరిశీలించి, 2019 ఏప్రిల్ 10న కృష్ణబిలం నీడను చూపే తొలి చిత్రాన్ని విడుదల చేసింది. అందులోని వలయం పరిమాణాన్ని బట్టి వచ్చిన బరువు 650 కోట్ల సూర్యులు. దాంతో మొగ్గు నక్షత్రాల లెక్కవైపే నిలిచింది.

ఇంత బరువున్నా కృష్ణబిలం ఘటనా క్షితిజ (కాంతి కూడా బయటపడలేని హద్దు) వ్యాసార్థం సుమారు 1,900 కోట్ల కిలోమీటర్లే, అంటే సూర్యుడి నుంచి ప్లూటో దూరానికి మూడింతలకు పైగా. లక్షల కాంతి సంవత్సరాలకు విస్తరించిన గెలాక్సీ ముందు ఇది లెక్కలోకే రాదు. దాని గురుత్వాకర్షణ ప్రభావం కూడా కొన్ని వందల కాంతి సంవత్సరాలు దాటాక నక్షత్రాల గుంపులో కలిసిపోతుంది. అయినా 2000లో రెండు బృందాలు విడివిడిగా ఒక పొంతనను చూపాయి: గెలాక్సీ మధ్యభాగంలో నక్షత్రాలు ఎంత వేగంగా చెదిరి తిరుగుతుంటే అక్కడి కృష్ణబిలం అంత బరువు. ఇలా ఎందుకు జరుగుతుందన్న వాదం ఇంకా సాగుతోంది. ఎం87 వరకైతే ఆకర్షణ కంటే ధారకే ఎక్కువ పాత్ర ఉందనాలి. గెలాక్సీని ఆవరించిన కోట్ల డిగ్రీల వాయువు చల్లారితే కేంద్రంలోకి జారి నక్షత్రాలుగా మారాలి. ధార ఊదిన బుడగలు ఆ వాయువుకు వేడిని అందిస్తూ చల్లారనివ్వడం లేదు. రేడియో, ఎక్స్ కిరణ చిత్రాల్లో ఆ బుడగలు కనిపిస్తాయి.

ఈవెంట్ హొరైజన్ టెలిస్కోపు బృందం 2018లో మళ్లీ పరిశీలించి, 2024 జనవరిలో వెల్లడించిన చిత్రంలో వలయం పరిమాణం మారలేదు. అందులో అతి ప్రకాశవంతమైన భాగం మాత్రం దాదాపు 30 డిగ్రీలు జరిగింది.