రాత్రి మేసే చేపకు మేత వేళ

చెరువులో చేపకు మనిషి మేత పెట్టడం మా ఖమ్మం ప్రాంతంలో పాత ఆచారం కాదు. కాకతీయ గణపతిదేవుడి సోదరి మైలాంబ 13వ శతాబ్దంలో తవ్వించిన బయ్యారం చెరువైనా, నిజాం కాలంలో కట్టిన వైరా, పాలేరు జలాశయాలైనా పొలాలకు నీళ్లివ్వడానికి పుట్టినవే. చేప అందులో తనంతట తాను బతికేది. తొలకరి వరద మోసుకొచ్చిన పేడ, ఎర్రలు, ఉసిళ్లు, కుళ్లిన ఆకు, ఇవే దాని తిండి. ఎండాకాలం నీరు అడుగంటాక ఊరంతా దిగి పట్టుకునేది.

ములకలపల్లి వైపు అడవి అంచున మా తాత పట్టింది ఎక్కువగా మార్పు, ఇంగిలాయి చేపలు. ఆయన వెదురు బద్దలతో మావు అల్లేవాడు. మూతి దగ్గర సన్నటి పుల్లలు లోపలికి వంగి ఉంటాయి. చేప వాటిని తోసుకుని లోపలికి పోతుంది, తిరిగొద్దామంటే అవే పుల్లలు అడ్డం పడతాయి. లోపల నలిపిన ఎర్రలు పెట్టి, పొద్దుగూకే వేళ మడి గండిలో ఆనించి, కోడి కూసే వేళకు తీసేవాడు. పగలు పెడితే వట్టి బుట్టే వస్తుందనేవాడు. మార్పు ఎప్పుడు మేస్తుందో ఆ తరానికి అంత స్పష్టంగా తెలుసు.

పెంపకం ఆ తర్వాతి కథ. 1957లో ఒడిశాలో హీరాలాల్ చౌదరి, అలీకున్హి పీయూష గ్రంథి రసం ఎక్కించి పెద్దజాతి చేపల చేత గుడ్లు పెట్టించారు. దాంతో పిల్ల కోసం నదుల మీదే ఆధారపడే అవసరం క్రమంగా తగ్గింది. కొల్లేరు చుట్టూ చెరువులు లేచాయి. అక్కడి రైతులు తవుడు, చెక్క కలిపి సంచుల్లో నింపి, అడుగున చిల్లులు పొడిచి, చెరువులో పాతిన కర్రలకు కట్టేవాళ్లు. పొద్దున్నే కూలీ పడవ మీద తిరిగి సంచులు కడితే, రోహు, కట్ల వంటి కార్పు చేపలు కింద చేరి చిల్లుల్లోంచి పీల్చుకునేవి. పగలు మేసే చేపకు అది సరిపోయింది. ఆ పద్ధతే మా వైపూ వచ్చింది, దాంతోపాటే పొద్దుటి మేత అలవాటూ వచ్చింది.

1990ల తొలినాళ్లలో బంగ్లాదేశ్ మీదుగా ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ దేశంలోకి దిగింది. కోళ్ల వ్యర్థాలు గుట్టలుగా పోసి పెంచారు. నీళ్లు పాడయ్యాయి, వాగుల్లోకి జారుకున్నచోట అది మన చేపలను మింగింది. 2000లో కేంద్రం దాని పెంపకాన్ని నిషేధించింది. ఆ నిషేధం న్యాయమైనదే, గట్టిగా అమలు కావాల్సిందే. మన నేలకు మన నాటు క్యాట్‌ఫిష్ మార్పు ఉంది. గాలి పీల్చగలదు కాబట్టి నీరు తక్కువైన గుంటలోనూ నిలుస్తుంది.

నా రెండు గుంటల్లో పెంచేది దాన్నే. నాలుగు జతల మీసాలతో బురద తడుముకుంటూ, వాసన పట్టి మేస్తుంది. చీకటి పడుతుండగా మేత చల్లితే నీరు ఒక్కసారిగా కదులుతుంది. ఎండలో చల్లింది చాలావరకు అడుగున కుళ్లుతుంది. అందుకే రోజు మేతలో పెద్దవంతు సాయంత్రానికే ఉంచుతాను.

ఎన్నిసార్లు పెట్టాలన్నది వయసును బట్టి ఉంటుంది. పిల్ల కడుపు చిన్నది, త్వరగా ఖాళీ అవుతుంది. రోజుకు నాలుగైదుసార్లు కొంచెం కొంచెంగా అందకపోతే పెద్దపిల్ల చిన్నపిల్లను కొరుకుతుంది. నర్సరీలో పిల్ల తరిగిపోవడానికి ఇదొక ముఖ్య కారణం. ఎదిగిన చేపకు రెండు పూటలు చాలు. ఒకేసారి కుమ్మరించిన మేతను రెండుగా పంచితే వృథా తగ్గుతుంది, చేపలన్నీ ఇంచుమించు ఒకే సైజుకు వస్తాయి. అంతకు మించి పూటలు పెంచితే కూలి ఖర్చు పెరిగినంతగా బరువు పెరగదు. రోజు మేత మొత్తం మాత్రం చేపల బరువును బట్టే. చిన్నప్పుడు నూటికి ఐదు నుంచి పది వంతులు, పెద్దయ్యాక రెండు మూడు వంతులు. చలికాలంలో ఇంకా తగ్గించాలి.

కార్పు చేపల కోసం, కూలీల పనిగంటలను బట్టి పుట్టిన మేత వేళను మార్పు మీద రుద్దడం వల్ల చిన్నరైతు నష్టపోతున్నాడు. అడవి అంచు ఊళ్లలో శిక్షణ పెట్టేవాళ్లు కోయ తెగ పెద్దలనూ పిలిచి, మావు ఏ చేపకు ఏ వేళ పెట్టేవాళ్లో చెప్పించాలి. మేత వేళలకు మా దగ్గర అంతకంటే పాత లెక్క మరొకటి లేదు.